సాక్షి సంతకం

ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో మేము నలుగురం కలిసి ఒక ప్రాజెక్టు కొన్నాం. చేశాం అనలేను, కొన్నాం. అమీర్‌పేటలో ఒక మేడ మీద, మెట్ల పక్కన ఇరుకు గది. బల్ల మీద ప్రాజెక్టుల పేర్ల జాబితా లామినేట్ చేసి పెట్టారు, హోటల్లో మెనూలాగా. జావా అయితే ఒక రేటు, డాట్‌నెట్ అయితే ఇంకో రేటు. రిపోర్టు బైండింగ్‌తో సహా కావాలంటే పైన ఇంకొంచెం. మేము ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే సిస్టమ్ ఒకటి తీసుకున్నాం. వైవాలో తెర మీద బొమ్మలు కనిపిస్తే ఎగ్జామినర్ ఎక్కువ ప్రశ్నలు వేయడని సీనియర్లు చెప్పారు మరి.

రిపోర్టు మొదట్లో ఒక సర్టిఫికెట్ పేజీ ఉంటుంది. ఈ పనిని ఫలానా విద్యార్థులు నా పర్యవేక్షణలో స్వయంగా చేశారని ధ్రువీకరిస్తున్నాను అని ఉంటుంది. కింద గైడ్ సంతకం, హెడ్ సంతకం. మా గైడ్ మంచి మనిషి. ఎవర్నీ కసిరేవారు కాదు. ఆ రోజు స్టాఫ్‌రూంలో ఆయన బల్ల మీద ఇలాంటి రిపోర్టులు ఒక గుట్ట ఉంది. మాది తీసి, ఆ పేజీ తిప్పి, పెన్ను ఆపి, "కనీసం రన్ అవుతుందా?" అని అడిగారు. అవుతుంది సార్ అన్నాం. "ఎక్కణ్ణించి తెచ్చారని నేనడగను. అందరికీ తెలిసిందే కదా," అని నవ్వి సంతకం పెట్టేశారు.

అది 2011. ఆ ప్రాజెక్టులో ఏముందో ఇప్పుడు గుర్తు లేదు. ఆ మాట మాత్రం గుర్తుంది. అందరికీ తెలిసిందే కదా.

నిజమే, అందరికీ తెలుసు. మాకు తెలుసు, ఆయనకి తెలుసు, హెడ్‌కి తెలుసు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కీ తెలుసు, వాళ్ళ కాలేజీలోనూ ఇదే కదా నడిచేది. ఉద్యోగం ఇచ్చిన కంపెనీకీ తెలుసు. అందుకే ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి రెండు ముక్కలు అడిగి, వెంటనే వాళ్ళ సొంత పరీక్షకి పోయారు. మరి ఇందులో మోసపోయింది ఎవరు? అబద్ధం అంటే ఎదుటివాణ్ణి నమ్మించడానికి చెప్పేది. నమ్మేవాడే లేనప్పుడు అది అబద్ధం ఎలా అవుతుంది? ఫారం నింపేటప్పుడు వేసే టిక్కులాగా అదీ ఒక లాంఛనం అనుకుంటే సరిపోదా?

చాలా ఏళ్ళు నేను అలాగే అనుకున్నాను. సరిపోదని ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకు సరిపోదో చెప్పాలంటే ముందు మా తాతయ్య గురించి చెప్పాలి.

* * *

మాది పినపాక మండలం. ఒకవైపు గోదావరి, ఒకవైపు అడవి, మధ్యలో మణుగూరు నుంచి ఏటూరునాగారం పోయే రోడ్డు. నా చిన్నప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. రోడ్డు పక్కన తాతయ్యకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. చదవడం రాయడం వచ్చిన మనిషి, ఎవరితోనూ తగాదాల్లేని మనిషి. దాంతో చుట్టుపక్కల ప్రాంసరీ నోటు రాసుకుంటే సాక్షి సంతకానికి ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ సంతకానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. డబ్బు తన ముందు లెక్కపెట్టాలి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవడం తను చూడాలి. "పొద్దున్నే ఇచ్చేసిన, నువ్వు సంతకం పెట్టు చాలు," అంటే ఒప్పుకునేవాడు కాదు. తిరిగి తెచ్చి లెక్కపెట్టమనేవాడు. ఎదుటివాళ్ళకి విసుగొచ్చేది. "నా కండ్లతోటి చూడకపోతే నేను సాక్షి ఎట్లయిత?" అనేవాడు. సాక్షి అనే మాటకి అర్థమే అది కదా, కళ్ళారా చూసినవాడు.

మరి అదే తాతయ్య ఇంకో రకం కాగితాల మీద కూడా సంతకాలు పెట్టాడు. మాది ఏజెన్సీ ప్రాంతం. అక్కడ అందరి నోళ్ళలో ఉండే చట్టం పేరు 1/70. భూబదలాయింపు మీద 1959లో వచ్చిన నిబంధనల్ని 1970లో బిగించారు. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనుడి చేతి నుంచి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. గిరిజనేతరుడు అమ్మదలుచుకున్నా గిరిజనుడికే అమ్మాలి. చట్టం ఇలా ఉంటే, ఊళ్ళలో తెల్లకాగితాలు నడిచేవి. కాగితంలో కౌలు అని ఉంటుంది, జరిగింది అమ్మకం. లేదా పేరు ఒకరిది, సాగు ఇంకొకరిది. మేమూ గిరిజనేతరులమే. అలాంటి ఒకటి రెండు కాగితాల కింద సాక్షిగా తాతయ్య పేరు నేను చూశాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు, కొంచెం చదువుకున్నానన్న పొగరుతో, "చూడనిదానికి సంతకం పెట్టనంటావు కదా, మరిది చూశావా?" అని అడిగాను. కాసేపు ఊరుకుని, "అందరికి తెలిసిందే గదరా," అన్నాడు.

స్టాఫ్‌రూంలో అదే మాట మళ్ళీ విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది తాతయ్యే.

ఆ తెల్లకాగితం రాసుకున్న రోజున ఆ అరుగు మీద కూర్చున్న వాళ్ళెవరూ మోసపోలేదు. కొన్నవాడికి తెలుసు. వేలిముద్ర వేసిన కోయ రైతుకీ తెలుసు, అవసరం ఆయనది. సాక్షికి తెలుసు. కానీ ఆ రైతు పిల్లలు అక్కడ లేరు, వాళ్ళు ఇంకా చిన్నవాళ్ళు. పదిహేనేళ్ళ తర్వాత ఆ పొలం గట్టు మీద కూలికి నిలబడింది వాళ్ళే. అందరికీ తెలిసిన అబద్ధం అన్నప్పుడు ఆ 'అందరూ' అంటే ఆ గదిలో ఉన్న అందరూ అని మాత్రమే అర్థం. నష్టపోయేవాడు గదిలో ఉండడు. చాలాసార్లు అతను ఆలస్యంగా వస్తాడు.

* * *

మరి మా ప్రాజెక్టు గదిలో లేనిదెవరు?

మొదట గుర్తొచ్చేది మా క్లాస్‌మేట్ ఒకడు. వాడు కొనలేదు. పొలంలో మోటారు దానంతటదే ఆగేలా ఏదో సర్క్యూట్ సొంతంగా చేసుకొచ్చాడు. వైవా రోజున అది పని చేయలేదు. తడి మట్టిలో పని చేసింది సార్ అని వాడు చెప్తుంటే మేము వెనకాల నవ్వుకున్నాం. వాడికి మాకంటే తక్కువ మార్కులొచ్చాయి. మేమెవరం వాడికి ఏ అన్యాయమూ చేయలేదు, ఒక్క మాట కూడా అనలేదు. మా సర్టిఫికెట్లో ఉన్న వాక్యం, వాడి సర్టిఫికెట్లో ఉన్న వాక్యం ఒకటే. వాడిది నిజం. మా అబద్ధం వల్ల వాడి నిజానికి విలువ పోయింది. కాంట్ చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుంది. తీర్చే ఉద్దేశం లేకుండా అప్పు తీరుస్తానని మాటివ్వడం అందరి పద్ధతీ అయిపోతే, ఇక మాటివ్వడం అన్నదానికే అర్థం ఉండదంటాడాయన. ఆయన అది ఊహించి చెప్పాడు. మనం కాలేజీల్లో కట్టి చూపించాం. అందరూ సంతకం పెడతారు కాబట్టి ఎవరూ సంతకాన్ని చూడరు. పాస్ అయినవాణ్ణి కంపెనీ మళ్ళీ నెలల తరబడి కూర్చోబెట్టి మొదటి నుంచి నేర్పుతుంది.

గదిలో లేనిది ఇంకోటి ఉంది. అది మనిషి కాదు. మా పక్క మండలం మణుగూరులో పగిడేరు అనే ఊరుంది. అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు వస్తాయి. బొగ్గు ఉందేమోనని ఎప్పుడో వేసిన బోరుల్లోంచి, మోటారు లేకుండా, వాటంతటవే పైకి తన్నుకొస్తాయి. గోదావరి లోయ కింద భూమి పొరలు ఎన్నో కోట్ల ఏళ్ళ కింద చీలి దిగబడ్డాయి. ఆ చీలిక వెంబడే మన బొగ్గంతా. వాననీరు ఆ పగుళ్ళ గుండా లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి, ఒత్తిడికి మళ్ళీ పైకొస్తుంది. అక్కడే సింగరేణి సంస్థ ప్రయోగాత్మకంగా 20 కిలోవాట్ల భూతాప విద్యుత్ ప్లాంటు పెట్టింది. ఆ నీళ్ళు ఆవిరయ్యేంత వేడిగా ఉండవు. అందుకని వాటి వేడితో, నీటికంటే తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు.

నేను ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చూసినవాణ్ణి. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను. థర్మోడైనమిక్స్ పేపర్లో మంచి మార్కులొచ్చాయి. ఆ పుస్తకానికీ ఈ నీళ్ళకీ ఏదన్నా సంబంధం ఉంటుందేమో అని నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అనిపించలేదు. వానాకాలంలో ఆ నీళ్ళు చల్లబడతాయా? ఎండాకాలంలో ధార తగ్గుతుందా? నీళ్ళు ఎంత లోతు నుంచి వస్తున్నాయో దీన్నిబట్టి చెప్పొచ్చా? ఇవి పెద్ద ప్రశ్నలేం కావు. ఒక థర్మామీటరు, ఒక బకెట్టు, ఒక గడియారం ఉంటే మొదలుపెట్టొచ్చు. కానీ వీటిని అడగడానికి ఆ ఊరి దారిన తిరిగినవాడు కావాలి, "అడుగు, నేను చూస్తాను" అనే పెద్దవాడొకడు కావాలి. మొదటివాడు ఉన్నాడు. రెండోవాడు లేడు. అలా ఆ ప్రశ్న పుట్టకుండానే పోయింది, దాని చోట్లో ముఖాన్ని గుర్తుపట్టే హాజరు పట్టీ వచ్చి కూర్చుంది.

* * *

రెండోవాడు ఉంటే ఎలా ఉంటుందో మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి తొమ్మిది పేజీల పేపరొకటి బయటికొచ్చింది. రాసినవాళ్ళు మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. మొదటాయన ప్రొఫెసర్, మిగతా ఇద్దరూ అప్పుడే బీటెక్ పూర్తి చేసిన కుర్రాళ్ళు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది ఎలా తేల్చాలి అనేది ప్రశ్న. 91 లాంటి చిన్న సంఖ్య అయితే ఏడు పదమూళ్ళు అని విడగొట్టేస్తాం. వందల అంకెలున్న సంఖ్యని అలా విడగొడుతూ కూర్చుంటే జీవితాలు చాలవు. వేగంగా చెప్పే పద్ధతులు అప్పటికే ఉన్నాయి, కానీ అవి 'దాదాపు ఖాయం' అని చెప్పేవి, లేదా ఇంకా ఎవరూ రుజువు చేయని ఊహ మీద ఆధారపడేవి. ఈ ముగ్గురి పద్ధతి వేగంగా, ప్రతిసారీ, ఏ షరతూ లేకుండా 'ఖాయం' అంటుంది. 2004లో అది ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో అచ్చయింది. 2006లో గోడెల్ ప్రైజ్, ఫుల్కర్సన్ ప్రైజ్ రెండూ వచ్చాయి. నిజానికి మన బ్యాంకు లావాదేవీల వెనక ఇప్పటికీ ఆ పాత 'దాదాపు ఖాయం' పద్ధతులే నడుస్తాయి, ఎందుకంటే అవి ఇంకా వేగం. కానీ 'దాదాపు'కీ 'ఖాయం'కీ మధ్య ఉన్న తేడా కోసం కూడా మనుషులు ఏళ్ళు పెడతారు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ప్రైజులు కాదు. ఆ ప్రశ్న మణీంద్ర అగ్రవాల్ సొంత ప్రశ్న. ఈ ఇద్దరికంటే ముందు బ్యాచ్‌లో, 2001లో, రజత్ భట్టాచార్జీ, ప్రశాంత్ పాండే అనే ఇంకో ఇద్దరు ఇదే ప్రశ్న మీద బీటెక్ ప్రాజెక్టు చేశారు. వాళ్ళు చివరిదాకా చేరలేదు. వాళ్ళు ఎక్కడ ఆగారో అక్కణ్ణించి తర్వాతి ఏడు ఇద్దరు అందుకున్నారు. అంటే ఒక మాస్టారు తనకే జవాబు తెలియని ప్రశ్నని, తను ఏళ్ళ తరబడి మోస్తున్న ప్రశ్నని, ఇరవయ్యేళ్ళ పిల్లల ముందు పెట్టాడు. ఒక బ్యాచ్‌తో తేలకపోతే దాన్ని దాచేయలేదు, ఇంకో బ్యాచ్‌కి ఇచ్చాడు. పేపర్ మీద ముగ్గురి పేర్లూ అక్షర క్రమంలో ఉన్నాయి. ఆ ప్రాజెక్టు సర్టిఫికెట్ మీద ఆయన పెట్టిన సంతకం మా తాతయ్య ప్రాంసరీ నోటు మీద పెట్టిన సంతకం లాంటిది. నా ముందు జరిగింది, నేను చూశాను అని.

జవాబు తెలిసిన ప్రశ్న ఇస్తే అది పరీక్ష. తెలియని ప్రశ్న ఇచ్చి పక్కన కూర్చుంటే పరిశోధన. బీటెక్ కుర్రాడు ప్రపంచానికి కొత్త విషయం కనిపెట్టడం అరుదు. పెద్దవాళ్ళకి కూడా తెలియనివి ఉంటాయని, తెలియనప్పుడు వాళ్ళేం చేస్తారో దగ్గర్నుంచి చూడటం మాత్రం ఎవరికైనా దొరకాల్సిన చదువు. నాలుగేళ్ళలో మా మాస్టార్లలో ఒక్కరు కూడా "నాకు తెలీదు, చూద్దాం" అనగా నేను వినలేదు. వాళ్ళకి తెలియదని ఒప్పుకునే వీలు ఎవరిచ్చారు?

ఐఐటీ మాట ఎందుకు, అక్కడికెళ్ళేవాళ్ళు వేరు అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఈ ఆలోచన అక్కడే పుట్టింది కాదు, అక్కడే ఉండిపోయిందీ కాదు. బీటెక్ పిల్లల్ని ప్రొఫెసర్ల ల్యాబుల్లో కూర్చోబెట్టే కార్యక్రమాన్ని ఎంఐటీ 1969లోనే మొదలుపెట్టింది. 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ఐటీలో బీటెక్ చదువుతూనే పరిశోధనలోకి దిగే దారులున్నాయి. అక్కడి భాషా సాంకేతిక కేంద్రంలో తెలుగు వాక్యాన్ని కంప్యూటర్‌కి ఎలా విప్పి చెప్పాలా అని తల పట్టుకున్నవాళ్ళలో ఇరవయ్యేళ్ళ పిల్లలూ ఉన్నారు. ఇంకా దగ్గరికి వస్తే, తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 'జిజ్ఞాస' అని ఉంది. కొందరు విద్యార్థులు జట్టుగా, ఒక లెక్చరర్ పర్యవేక్షణలో, ఒక విషయం మీద స్టడీ ప్రాజెక్టు చేసి పోటీలో చెప్పాలి. జిజ్ఞాస అంటే తెలుసుకోవాలనే కోరిక. ఎవరు పెట్టారో గాని మంచి పేరు. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక నాలుగేళ్ళ డిగ్రీలో చివరి ఏడు పరిశోధన చేసే వీలు కూడా వచ్చింది. ఇవన్నీ మంచివే. నా భయం ఒక్కటే. పరిశోధన అనే పేరు కింది కాలేజీల దాకా వచ్చి, దానితోపాటు సమయం రాకపోతే, వచ్చేది ఇంకో సర్టిఫికెట్ పేజీ మాత్రమే.

* * *

మా గైడ్ మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లెక్క వేస్తే, ఆయన వారానికి మూడు సబ్జెక్టులు చెప్పేవారు, రెండు ల్యాబులు చూసేవారు, అడ్మిషన్ల సీజన్లో ఊళ్ళ వెంట తిరిగి సీట్లు నింపేవారు. పైగా మాలాంటి బ్యాచ్‌లు పదికి పైనే. ప్రతి బ్యాచ్‌తో వారానికి ఒక గంట కూర్చున్నా ఆయనకి ఇంకో ఉద్యోగమే అవుతుంది. చూడ్డానికి సమయం ఇవ్వకుండా, చూశానని సంతకం మాత్రం అడిగారు. తప్పు ఆ సంతకం అడిగిన ఏర్పాటుదా, పెట్టినాయనదా? రెండూ అనే నా జవాబు, కాని రెండూ సమానం కాదు. ఏర్పాటు ఆయన్ని ఇరికించింది. ఆ ఇరుకులో కూడా "ఈ పది బ్యాచ్‌లలో ఒక్కదాన్ని నిజంగా చూస్తాను" అనుకునే చోటు ఆయనకి ఉండేది. అది మేమే కానక్కర్లేదు. ఆ తడి మట్టి సర్క్యూట్ వాడి పక్కన కూర్చున్నా చాలు.

ఏకలవ్యుడి కథలో బొటనవేలు అడగడం ఎంత క్రూరమో ఎంతోమంది రాశారు. నేను అంతకంటే ముందు ఒక చోట ఆగిపోతాను. ద్రోణుడు ఆ అడవి పిల్లాడికి చెప్పింది ఏమీ లేదు. మట్టిబొమ్మ పెట్టుకుని వాడే నేర్చుకున్నాడు. చెప్పని చదువుకి దక్షిణ ఎలా తీసుకున్నాడు? మా స్టాఫ్‌రూంలో జరిగిందీ అలాంటిదే, కాకపోతే ఎవరికీ రక్తం కారలేదు. చెప్పనాయన్ని మేము గైడ్ అన్నాం. చేయనివాళ్ళని ఆయన చేసినవాళ్ళన్నారు.

ఇంత రాస్తున్న నేను ఏం చేస్తున్నానో కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చదివి, సరే అంటేనే అది ముందుకు పోతుంది. బాగానే ఉంది అనడానికి మేము 'ఎల్‌జీటీఎం' అని నాలుగక్షరాలు కొడతాం. శుక్రవారం సాయంత్రం, ఎనిమిది వందల లైన్లు, రాసినవాడు నమ్మకమైనవాడు. చదవకుండా ఆ నాలుగక్షరాలు కొట్టిన రోజులు నాకు చాలా ఉన్నాయి. టీమ్‌లో అందరికీ తెలిసిందే కదా. ఒకసారి అలా పోయిన కోడ్ వల్ల రాత్రి రెండింటికి నిద్ర లేచింది నేను కాదు, వేరే ఊళ్ళో సపోర్ట్ డ్యూటీలో ఉన్న ఒక జూనియర్ అమ్మాయి. గదిలో లేని మనిషి.

* * *

రెండేళ్ళ కింద దూరపు చుట్టాలబ్బాయి ఒకడు ఫోన్ చేసి, "అన్నా, ఏదన్నా ప్రాజెక్ట్ ఉంటే పంపవా?" అన్నాడు. నేను సరదాగా రాసుకున్న కోడ్ ఒకటి జిప్ చేసి పంపేశాను. ఐదు నిమిషాల పని. నేను చేసిందేమిటో తర్వాత అర్థమైంది. అమీర్‌పేట గదిలో బల్లకి అటువైపు కూర్చున్నాను, డబ్బు తీసుకోలేదు అంతే.

ఈ ఏడు మా చిన్నాన్న కొడుకు అదే అడిగాడు. వాడు ఊళ్ళోనే ఉంటూ రోజూ కాలేజీకి బస్సులో పోయొస్తాడు. ఈసారి పంపను, నువ్వే చేయి, నేను తోడుంటాను అన్నాను. పగిడేరు నీళ్ళ సంగతి చెప్పాను. వాడు కాసేపు ఆగి, "నువ్వు కొన్నవ్ గదన్నా. నీకు జాబ్ రాలేదా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చింది. ఆ కొన్న ప్రాజెక్టుతోనే వచ్చింది. ఆ జీతంతోనే చెల్లి పెళ్ళయింది, ఇల్లు లేచింది. ఇప్పుడు నేను నిజాయితీ అంటున్నది నాకు ఖర్చు లేని నిజాయితీ. ఖర్చంతా వాడిది. ప్లేస్‌మెంట్లకి చదువుకోవాల్సిన సాయంత్రాలు వాడివి. నేను కట్టని బాకీని వాడితో కట్టించే హక్కు నాకెక్కడిది? పోనీ పంపేద్దామా అని కూడా అనుకున్నాను. చాట్‌జీపీటీని అడిగితే నా అవసరం కూడా లేకుండా వాడికి రిపోర్టు దొరుకుతుంది. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. దీనివల్ల నీకు మార్కులు ఎక్కువ రాకపోవచ్చు. ఉద్యోగానికి పనికొస్తుందని కూడా చెప్పలేను. నాకు ఆ నీళ్ళ గురించి ఏమీ తెలియదు. కానీ తెలుసుకోవాలని ఉంది. నీకూ ఉంటే చేద్దాం. లేకపోతే తప్పేం లేదు.

రెండు రోజులు ఫోన్ లేదు. మూడో రోజు, "థర్మామీటర్ ఏది కొనాలన్నా?" అని మెసేజ్.

నీళ్ళలో ముంచగలిగే సెన్సర్ ఒకటి ఆన్‌లైన్‌లో, మామూలు గాజు థర్మామీటర్ ఒకటి కాలేజీ ల్యాబు నుంచి. ఆదివారాలు వాడు బండి మీద పగిడేరు పోయి, అక్కడివాళ్ళని అడిగి, నీళ్ళు బయటికొచ్చే చోట కొలిచేవాడు. మూడో ఆదివారం ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. "అన్నా, రెండూ రెండు రకాలుగా చూపిస్తున్నయ్. ఏది నిజం?"

నాకు తెలీదు, చూద్దాం అన్నాను. అన్నాక గాని తెలియలేదు నేనేం అన్నానో.

ఆ రాత్రి చిన్నమ్మ వంటింట్లో ఐస్ గడ్డలు కరుగుతున్న నీళ్ళలో రెండూ ముంచాడు, తర్వాత మరుగుతున్న నీళ్ళలో. కరిగే మంచు సున్నా దగ్గర ఉండాలి, మరిగే నీళ్ళు దాదాపు వంద దగ్గర. వీడియో కాల్‌లో నేను, పక్కన విసుక్కుంటూ చిన్నమ్మ. సెన్సర్ మంచులోనూ ఎక్కువ చూపించింది, మరుగులోనూ ఎక్కువే చూపించింది. అప్పటిదాకా రాసుకున్న అంకెలన్నీ దిద్దుకోవాలి. "మూడు వారాలు వేస్టా అన్నా?" అన్నాడు. కాదు అన్నాను. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఏది నిజం అని నేను ఏ యంత్రాన్నీ అడగలేదు. వాడు మూడో వారానికే అడిగాడు.

ప్రాజెక్టు ఏమవుతుందో తెలియదు. వాళ్ళ కాలేజీ గైడ్ విషయం విని ఆశ్చర్యపోయి, తర్వాత, "డేటా ఒకసారి చూపించు" అన్నారట. ఆ ఒక్క మాటకి ఆయన మీద నాకు గౌరవం కలిగింది. వానాకాలం కొలతలు కూడా ఉంటే గాని ఏదీ తేలదు, అప్పటికి వాడి సెమిస్టర్ అయిపోతుంది. తర్వాతి బ్యాచ్‌లో ఎవరైనా అందుకుంటారేమో.

నిన్న వాడు రిపోర్టు మొదటి పేజీ పంపాడు. బయటి గైడ్ అని నా పేరు కొట్టాడు, కింద గీత, సంతకానికి చోటు. "ఊరికే స్కాన్ చేసి పంపన్నా, చాలు."

పేజీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. వంటింట్లో మంచు చూశాను. వాట్సాప్‌లో అంకెలు చూశాను. కానీ వాడు ఆ బోరు దగ్గర వంగి కొలవడం నేను చూడలేదు. డబ్బు చేతులు మారడం చూడనిదే సంతకం పెట్టని మా తాతయ్యే గుర్తొచ్చాడు. తెల్లకాగితాల మీద పెట్టిన తాతయ్యా గుర్తొచ్చాడు. ఇద్దరూ ఒకే మనిషి అని నాకు తెలుసు.

ఇంకా పెట్టలేదు. శనివారం రాత్రి మణుగూరు బస్సుకి టికెట్ తీసుకున్నాను.